గోడ లేని వ్యాసం: ఒక యువ రచయిత్రికి లేఖ

విజయనగరం

చిరంజీవి హైమవతికి ఆశీస్సులు.

పార్వతీపురం నుంచి నువ్వు పంపిన ‘రక్తం తాగే రాకాసి ఈగలు’ అనే వ్యాసం అందింది. శీర్షిక నాకు నచ్చలేదు కానీ, ఇంత పెద్ద ఉత్తరం రాయడానికి కారణం అది కాదు. పనామా అడవుల్లోని గబ్బిలపు ఈగను పరిచయం చేస్తూ మూడో పేరాలో, “పుట్టుక నుంచి చావు దాకా ఈ ఈగ గబ్బిలం బొచ్చులోనే బతుకుతుంది” అని రాశావు. చిన్న పొరపాటయితే ఎర్ర సిరాతో గీత గీసి వదిలేసేవాణ్ని. ఆ ఈగ రెక్క విప్పి బయటకు వచ్చేది గబ్బిలం పడుకునే గుహ గోడ మీద. ఆ గోడ నీ వ్యాసంలో ఎక్కడా కనిపించలేదు, అందువల్ల అందులోని రెండు ప్రాణులకూ కాలు మోపే చోటు లేకుండా పోయింది.

నువ్వు పేరు పెట్టి రాసిన ట్రైకోబియస్ జోబ్లింగి అనే ఈగనే తీసుకో. మధ్య, దక్షిణ అమెరికా అడవుల్లో కరోలియా పర్స్‌పిసిలేటా అనే పండ్లు తినే చిన్న గబ్బిలం రక్తమే దానికి ఆహారం. ఆడ ఈగ గుడ్లు పెట్టదు. ఒక్కసారికి ఒక్క పిల్లనే కడుపులో మోస్తుంది, లోపల ఉన్న పాల గ్రంథులతో దాన్ని పోషిస్తుంది. లార్వా మూడో దశకు వచ్చి పూర్తిగా ఎదిగాక, తల్లి గబ్బిలాన్ని వదిలి గోడ మీదికి దిగి, పిల్లను అక్కడ అంటించి, మళ్లీ బొచ్చులోకి తిరిగి వెళుతుంది. బయటకు వచ్చిన లార్వా ఏమీ తినదు, దాని చర్మమే గట్టిపడి ప్యూపా అవుతుంది. చాలా జాతుల్లో మూడు నాలుగు వారాల తరువాత అందులోంచి వచ్చిన కొత్త ఈగ, రక్తం లేకుండా ఎక్కువ కాలం బతకలేదు కనుక, వెంటనే ఒక గబ్బిలాన్ని వెతుక్కోవాలి. ఈ పద్ధతి ఆఫ్రికాలోని సెట్సీ ఈగలకూ ఉంది, మన ఊళ్లలో పశువులను పట్టుకొని వదలని చదునైన హిప్పోబోస్కా ఈగలకూ ఉంది. ఇవన్నీ ఒకే వంశానివి. ఆవు ఒంటి మీది ఈగను చూసి పెరిగిన పాఠకుడికి ఆ బంధుత్వం చెప్పి ఉంటే, పనామా అతనికి అంత దూరంగా అనిపించేది కాదు.

నేను ఏళ్ల తరబడి అందరికీ చెబుతున్న మాటే నీకూ చెబుతాను. రెండు ప్రాణుల మధ్య సంబంధాన్ని రాయదలచుకున్నవాడు ముందుగా అవి కలిసే చోటును రాయాలి. ఈ విషయంలో నేను ఎవరితోనూ రాజీ పడలేదు, నీతోనూ పడను. నీ వ్యాసంలోనే ఇందుకు రుజువు ఉంది. కొన్ని గబ్బిలాల మీద ఈగలు దండిగా ఉంటాయనీ, కొన్నింటి మీద దాదాపు ఉండవనీ రాసి, “ఇది ప్రకృతి వింత” అని ముగించావు. అందులో వింత ఏమీ లేదు. గుహల్లోనూ, పెద్ద చెట్ల తొర్రల్లోనూ ఉండే గబ్బిలాలు ఏళ్ల తరబడి అదే చోటికి తిరిగి వస్తాయి కనుక, గోడ మీద ప్యూపా పక్వమయ్యే నాటికి పైన రక్తం సిద్ధంగా ఉంటుంది. థైరోప్టెరా అనే గబ్బిలం ఇంకా విచ్చుకోని, చుట్టచుట్టుకొని ఉన్న అరటి లాంటి హెలికోనియా మొక్క లేత ఆకులో తలదాచుకుంటుంది. ఒకటి రెండు రోజుల్లో ఆకు విచ్చుకోగానే అది మరో ఆకు వెతుక్కుంటుంది. ఆ ఆకు మీద పిల్లను వదిలిన ఈగ వంశం నిలిచేదెలా? ఈగల సంఖ్యను తేల్చడంలో గబ్బిలం ఒంటికెంత పాలు ఉందో, అది పడుకునే చోటుకూ అంత పాలు ఉంది.

ఈగ ఒక జాతి గబ్బిలాన్నే ఎందుకు అంటిపెట్టుకుంటుందన్న నీ ప్రశ్నకు కూడా జవాబులో కొంత భాగం అక్కడే దొరుకుతుంది. 1960లలో స్మిత్సోనియన్ సంస్థ వెనిజులా అంతటా క్షీరదాలను, వాటి మీది పురుగులను సేకరించింది. అందులోని స్ట్రెబ్లిడే కుటుంబపు గబ్బిలపు ఈగలను కీటక శాస్త్రవేత్త రూపర్ట్ వెంజెల్ పరిశీలించి 1976లో ప్రచురించాడు. వాటిలో చాలా జాతులు ఒక్కో గబ్బిలపు జాతికే, లేదా దానికి దగ్గరి చుట్టాలకే పరిమితం. వేరు వేరు జాతుల గబ్బిలాలు ఒకే గుహలో ఉన్నా సాధారణంగా వేరు వేరు గుంపులుగా వేలాడతాయి. గుంపు కింది గోడ మీద పుట్టిన ఈగకు ఆ గుంపే మొదట అందుతుంది. అయితే కారణం ఇదొక్కటే అని రాయకు. ఆ జాతి బొచ్చులో పాకడానికీ, ఆ రక్తంతో బతకడానికీ ఈగ శరీరం అలవాటు పడి ఉండటం కూడా అంతే ముఖ్యం.

నా మాటకు ఎదురు నిలిచే ఉదాహరణ కూడా ఒకటి ఉంది. మన దేశంలో కూడా కనిపించే ఆస్కోడిప్టెరాన్ జాతుల్లో ఆడ ఈగ గబ్బిలం చర్మాన్ని తొలుచుకొని లోపలికి దిగి, రెక్కలనూ కాళ్లనూ వదిలేసుకొని, కూజా ఆకారంలో ఉబ్బి, అక్కడే ఉండిపోతుంది. అది గోడ దగ్గరికి పోలేదు, పిల్ల కిందికి రాలిపోతుంది. అప్పుడు గోడ స్థానంలో గుహ నేల వచ్చిందని నేనంటాను. దీన్ని నువ్వు వదిలేశావు. అడవిలో దొరికిన ఇంత మంచి విషయాన్ని వదిలేసి, “పిశాచి” అనే మాటను పదే పదే ఎందుకు వాడావో నాకు అర్థం కాలేదు.

ఆ మాట గురించి ఇంకా కొంత చెప్పాలి. గబ్బిలం ఒక కాలితో వేలాడుతూ రెండో కాలి గోళ్లతో ఒళ్లు దువ్వుకునే తీరును బాగా రాశావు. ఆ ఈగల చావుకు పెద్ద కారణం ఆ దువ్వుకోవడమే. గబ్బిలపు ఈగల్లో నిక్టెరిబిడే కుటుంబపు వాటికి రెక్కలే లేవు, చూపు అంతంత మాత్రం. వీపు మీద గాడిలోకి తలను వెనక్కి మడుచుకొని, ఒంటి మీది గట్టి ముళ్ల వరుసలతో వెంట్రుకలను పట్టుకొని, ఆ గోళ్ల నుంచి తప్పించుకుంటూ బతుకుతాయి. వాటిలో కొన్నింటి ఒంటి మీద ఆర్థ్రోరింకస్ అనే బూజు పెరుగుతుంది. వాటి లోపల, రక్తంలో చాలినంత దొరకని బి విటమిన్లను సమకూర్చే బాక్టీరియా ఉంటాయి. గబ్బిలాల్లో మలేరియా వంటి జబ్బు కలిగించే పరాన్నజీవి పాలీక్రోమోఫిలస్‌ను ఒక గబ్బిలం నుంచి మరో గబ్బిలానికి చేరవేసేదీ ఈ ఈగలే. ఇందరు కలిసి బతుకుతున్న చోట ఒకరిని రాక్షసిని చేసి, మరొకరిని బాధితురాలిని చేస్తే కథ ఇట్టే నడుస్తుంది, కానీ నీకు తెలిసిన సత్యంలో సగానికి పైగా బయటే ఉండిపోతుంది.

ఈ రాక్షస భాష నీది కాదని నాకు తెలుసు. అది పత్రికలు అలవాటు చేసింది. నా తొలి రోజుల్లో రెక్కల్లేని ఈ ఈగ గురించి రాసి ఒక వారపత్రికకు పంపితే, రెక్కల్లేని ఈగ ఉండదని తీర్మానించిన సంపాదకుడు నన్ను అడగకుండానే వ్యాసమంతా ‘ఈగ’ను ‘పేను’గా మార్చి, వింతలూ విశేషాలూ అనే పెట్టెలో అచ్చు వేశాడు. సవరణ వేయమని ఎన్ని ఉత్తరాలు రాసినా జవాబు లేదు. ఆ పేరాలు నాకు ఇప్పటికీ బాధ కలిగిస్తాయి, ఎందుకంటే పేను తన గుడ్లను జంతువు వెంట్రుకకే అంటిస్తుంది, దానికి గోడతో పని లేదు. ఒక్క మాట మార్పుతో నా వ్యాసంలోని గోడ కూలిపోయింది. ఈ మధ్య వచ్చిన మరో పద్ధతి, గబ్బిలం మీద ఏ వ్యాసమైనా 2020 నాటి మహమ్మారితో మొదలుపెట్టడం. నీ మొదటి రెండు పేరాలూ అవే. వాటిని నిర్దాక్షిణ్యంగా కొట్టేయి.

గోడను చూడటం నేను నేర్చుకున్నది విజయనగరం జిల్లాలోనే. ఉద్యోగం చేసుకుంటూ, సెలవు దొరికిన రోజున ఒక పాడుపడిన మండపానికి వెళ్లి, టార్చి వెలుగులో గబ్బిలాల కేసి చూస్తూ కూర్చునేవాణ్ని. అవి బెదిరి ఎగిరిపోయేవి, నాకు ఈగ కనిపించేది కాదు. గబ్బిలాలు మేతకు పోయిన తరువాత వెళ్లి గోడను చూడమని ఒక పెద్దాయన సలహా ఇచ్చారు. సున్నం మీద నల్ల నువ్వుగింజల్లా చదునుగా అంటుకొని ఉన్న ప్యూపాలను నేను అప్పుడే మొదటిసారి చూశాను. కొన్ని ఖాళీ, కొన్ని ఇంకా మూసి ఉన్నాయి. చింతచెట్ల మీద, రావిచెట్ల మీద పగలంతా గోల చేసే మన పెద్ద గబ్బిలాలకు కూడా సైక్లోపోడియా సైకేసి అనే రెక్కల్లేని ఈగ ఉంది. ఆ గుంపులు తరతరాలుగా అదే చెట్టును నమ్ముకుంటాయి. అక్కడ గోడ పని చేసేది కొమ్మ బెరడు. చెట్టు కొట్టేసినప్పుడు గబ్బిలాలు మరో చెట్టుకు ఎగిరిపోగలవు, బెరడుకు అంటిన పిల్ల ఈగలు పోలేవు. రాయవలసిన విషయం ఇది.

నువ్వు కూడా అలా వెళ్లి చూడాలి, అయితే కింద పడిన గబ్బిలాన్ని గాని, వాటి రెట్టను గాని చేతితో ముట్టుకోకు. గుహలోనైతే ముక్కుకు మాస్కు లేకుండా అడుగు పెట్టకు, పిల్లల తల్లులున్న కాలంలో అసలు వెళ్లకు.

కలం పేరు గురించీ, పుస్తకం వేసేవారి గురించీ నువ్వు అడిగిన వాటికి ఇప్పుడు జవాబు రాయను. ముందుగా వ్యాసాన్ని గుహ గోడ దగ్గర మొదలుపెట్టి తిరగరాయి. తల్లి ఈగ బొచ్చు వదిలి దిగడం, పిల్లను అంటించడం, తిరిగి వెళ్లడం మొదటి పేరాలోనే రావాలి. జాతుల పేర్లు తీసేయకు, అవి కష్టంగా ఉన్నాయని ఎవరు చెప్పినా వినకు. రెండో ప్రతిని దసరా సెలవుల లోపల పంపితే, నా దగ్గరున్న ప్యూపాల ఫొటోలు నీకు పంపుతాను.

ఇట్లు,
నీ మాస్టారు