రూల్ 5 డ్రాఫ్ట్: మైనర్ లీగ్ పిచర్లని ఎలా అంచనా వెయ్యాలి?

ప్రశ్న: మేం టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. వేసవిలో మైనర్ లీగ్ బేస్‌బాల్ జట్టు రఫ్‌రైడర్స్ ఆటలకి పిల్లలతో తరచూ వెళ్తుంటాం. డిసెంబర్‌లో, వేరే జట్ల మైనర్ లీగ్ ఆటగాళ్లని మేజర్ లీగ్ జట్లు ఎంచుకునే రూల్ 5 డ్రాఫ్ట్‌కి ముందు, మిత్రులం కూర్చుని ఏ పిచర్లని (బంతి విసిరేవాళ్లని) తీసుకుంటారో జాబితా రాసుకుంటాం. ఈసారి ఈఆర్ఏ (తొమ్మిది ఇన్నింగ్స్‌కి పిచర్ ఇచ్చే రన్ల సగటు, తక్కువైతే మేలు) 2.50 లోపు ఉన్నవాళ్లనే రాశాం. ఒక్కరూ ఎంపిక కాలేదు. 4.50 దాటినవాళ్లని మాత్రం తీసుకున్నారు. జట్లు అసలేం చూస్తాయి?
– ఒక పాఠకుడు, ఫ్రిస్కో

జవాబు: ఆ డ్రాఫ్ట్ షరతుల్లోనే సగం జవాబుంది. 18 ఏళ్లకో అంతకు ముందో సంతకం చేసిన ఆటగాడికి 5 సీజన్లు, 19 ఏళ్లకో ఆ తర్వాతో చేసినవాడికి 4 సీజన్లు గడిచాయనుకోండి. అప్పటికీ సొంత జట్టు తన 40 మంది మేజర్ లీగ్ జాబితాలో చేర్చుకోకపోతే వేరే జట్టు లక్ష డాలర్లు కట్టి అతన్ని తీసుకెళ్లొచ్చు. అయితే తర్వాతి సీజనంతా 26 మంది మేజర్ లీగ్ జట్టులోనే ఉంచుకోవాలి. మైనర్స్‌కి పంపాలంటే ముందు వేవర్స్‌లో, అంటే మిగతా జట్లు కావాలంటే తీసుకునేలా, పెట్టాలి. అక్కడ ఎవరూ తీసుకోకపోతే 50 వేల డాలర్లకి పాత జట్టుకే తిరిగి ఇవ్వజూపాలి.

కాబట్టి మూడేళ్ల తర్వాత ఎంత గొప్పవాడవుతాడన్నది ఇక్కడ రెండో ప్రశ్న. ఏప్రిల్‌లో, ఏడో ఇన్నింగ్స్‌లో, జట్టు ఐదు రన్లు వెనకబడి ఉన్నప్పుడు బంతి చేతికిస్తే తట్టుకుంటాడా? మొదటి ప్రశ్న ఇదే. దీనికి ఈఆర్ఏ దాదాపు పనికిరాదు. మైనర్స్‌లో రిలీఫ్ పిచర్ (ఆట మధ్యలో వచ్చి వేసేవాడు) ఏడాదికి వేసేది 50, 60 ఇన్నింగ్స్. అంత కొద్ది బౌలింగ్‌లో ఫీల్డర్లు చేరుకోలేకపోయిన బంతులు, గాలికి కొట్టుకుపోయిన రెండు హోమ్ రన్లు, తన తర్వాత వచ్చిన పిచర్ ఆపలేకపోయిన రన్నర్లు కలిసి ఈఆర్ఏని ఒకటిన్నర రన్లు అటో ఇటో లాగేస్తాయి.

దాని బదులు ఇలా లెక్కెయ్యండి. స్ట్రైకౌట్లని (మూడు స్ట్రైక్‌లతో బ్యాటర్ని ఔట్ చెయ్యడం), ఆ పిచర్ ఎదుర్కొన్న మొత్తం బ్యాటర్ల సంఖ్యతో భాగించండి. వాక్‌లని (నాలుగు గురి తప్పిన బంతులకి బ్యాటర్‌కి మొదటి బేస్ ఇచ్చేయడం) కూడా అలాగే భాగించండి. మొదటి శాతంలోంచి రెండోది తీసేయండి. ఇద్దరు పిచర్లని ఊహించుకుందాం. ఒకడి ఈఆర్ఏ 2.40. 240 మంది బ్యాటర్లకి వేసి 48 స్ట్రైకౌట్లు తీశాడు, 24 వాక్‌లు ఇచ్చాడు. అంటే 20 శాతంలోంచి 10 పోగా మిగిలేది 10. రెండోవాడి ఈఆర్ఏ 4.80. 250 మందికి వేసి 78 స్ట్రైకౌట్లు, 20 వాక్‌లు. 31లోంచి 8 పోతే 23. మేజర్ లీగ్ సగటు 14 దగ్గర ఉంటుంది. మీ జాబితాలో మొదటివాడుంటాడు, జట్ల జాబితాలో రెండోవాడు.

తొమ్మిది ఇన్నింగ్స్‌కి ఎన్ని స్ట్రైకౌట్లు అన్న లెక్క వద్దు. ఎక్కువ హిట్లు ఇచ్చేవాడు ఒక్కో ఇన్నింగ్స్‌లో ఎక్కువమందికి వేస్తాడు, దాంతో అతని స్ట్రైకౌట్లు కూడా ఎక్కువగా కనిపిస్తాయి. ఇంకో జాగ్రత్త: స్ట్రైకౌట్ శాతం 70 మంది బ్యాటర్లకల్లా కాస్త నమ్మదగ్గదవుతుంది, వాక్‌ల శాతానికి 170 మంది దాకా కావాలి. ఆగస్టులో పైస్థాయికి వచ్చి 12 ఇన్నింగ్స్ వేసినవాడి వాక్‌ల లెక్క చూసి పొంగిపోకూడదు.

ఆ తర్వాత ఎక్కడ ఆడాడో చూడాలి. మైనర్ లీగ్‌ల్లో అన్నిటికన్నా పైదైన ట్రిపుల్-ఎ స్థాయిలోని పసిఫిక్ కోస్ట్ లీగ్‌లో ఆల్బకర్కీ, రీనో లాంటి ఎత్తైన ఊళ్లున్నాయి. అక్కడి పలచని గాలిలో బ్రేకింగ్ బాల్ (వంకర తిరిగే బంతి) సరిగ్గా తిరగదు, కొట్టిన బంతి దూరం పోతుంది. అక్కడ 5.00 ఈఆర్ఏ చూసి పేరు కొట్టేయకండి. బంతి కూడా ఒకటి కాదు. 2019 నుంచి ట్రిపుల్-ఎలో మేజర్ లీగ్ బంతే వాడుతున్నారు, కింది స్థాయిల్లో బంతి వేరు. ఒక మెట్టు కిందున్న డబుల్-ఎలో బాగా తిరిగిన స్లైడర్ (పక్కకి తిరిగే బంతి) పైకొచ్చాక అలాగే తిరుగుతుందన్న హామీ లేదు. 2023 మొదటి సగంలో డబుల్-ఎ సదరన్ లీగ్‌లో ముందే జిగురు పట్టించిన బంతితో ఆడించారు. ఆ నెలల స్ట్రైకౌట్లని కాస్త తగ్గించి చూడాలి.

ఇక బంతి స్వభావం. ట్రిపుల్-ఎ ఆటల్లో ప్రతి బంతి కొలతలూ 2023 నుంచి బేస్‌బాల్ సావంట్ సైట్‌లో అందరికీ దొరుకుతున్నాయి. మేజర్ లీగ్‌లో ఫోర్‌సీమ్ ఫాస్ట్‌బాల్ (నేరుగా దూసుకొచ్చే వేగబంతి) సగటు వేగం గంటకి 94 మైళ్ల పైచిలుకు. కానీ వేగమొక్కటే చూస్తే మోసపోతాం. బ్యాటర్ అనుకున్నంతగా బంతి కిందికి దిగకపోవడమే ఫాస్ట్‌బాల్‌కి ప్రాణం. ఆ నిలువు కదలిక 16 అంగుళాలుంటే మామూలు, 18 దాటితే స్ట్రైక్ జోన్ పైభాగంలో బ్యాట్లు ఖాళీగా ఊగుతాయి. 97 మైళ్ల వేగంతో 13 అంగుళాలే ఉంటే, పక్కకి కదలిక కూడా లేకపోతే, మేజర్ లీగ్ బ్యాటర్లు దాన్ని చితక్కొడతారు.

నా దృష్టిలో ఈ డ్రాఫ్ట్‌లో నాలుగు మామూలు బంతులున్నవాడి కన్నా నికార్సైన బంతి ఒక్కటున్నవాడే మేలు. ఒక ఇన్నింగ్స్ గడపడానికి అది చాలు. పైగా 26 మందిలో 13 మంది దాకా పిచర్లే ఉండొచ్చు కాబట్టి, బ్యాటర్ కన్నా పిచర్ని చిన్న పనులకి వాడుకుంటూ ఏడాది నెట్టుకురావడం సులువు.

అలా నెట్టుకొచ్చినవాళ్లలో యోహాన్ సాంటానాని మించిన పేరు లేదు. 1999 డ్రాఫ్ట్‌లో హ్యూస్టన్ వదిలేస్తే మిన్నెసోటా చేతికొచ్చాడు. 2000 సీజన్లో 86 ఇన్నింగ్స్, 6.49 ఈఆర్ఏ, 54 వాక్‌లు. ఏ లెక్కన చూసినా చెడ్డ సీజనే. కానీ సీజనంతా జట్టులో ఉంచుకోవాలన్న షరతు తీరిపోయింది. 2002లో అతన్ని ట్రిపుల్-ఎ ఎడ్మంటన్‌కి పంపి చేంజప్‌కి (ఫాస్ట్‌బాల్‌లా కనిపించి నెమ్మదిగా వచ్చే బంతికి) పదును పెట్టించారు. 2004లో, 2006లో లీగ్‌లో ఉత్తమ పిచర్‌కిచ్చే సై యంగ్ అవార్డు అందుకున్నాడు.

ప్రశ్న: మాది నార్త్ కరోలినాలోని కేరీ. డర్హమ్ బుల్స్ ఆటలకి వెళ్తుంటాను. రాడార్ గన్ లేదు. సీట్లో కూర్చుని పిచర్ని అంచనా వెయ్యడానికి ఏం గమనించాలి?
– ఒక పాఠకురాలు, కేరీ

జవాబు: హోమ్ ప్లేట్ వెనక కూర్చోండి. పక్కనుంచి చూస్తే బంతి తిరగడం కనిపించదు. వేగం స్కోర్‌బోర్డే చూపిస్తుంది, మీరు చూడాల్సింది క్యాచర్ గ్లోవ్‌ని. గ్లోవ్ ఎక్కడ పెట్టాడు, బంతి కోసం ఎంత దూరం జరిపాడు? బయటి మూలకి పెట్టిన గ్లోవ్ మాటిమాటికీ లోపలికి లాగాల్సి వస్తుంటే, ఆ రోజు వాక్‌లు లేకపోయినా పిచర్‌కి బంతి మీద పట్టు లేనట్టే.

ఫోన్‌లో స్టాప్‌వాచ్ చాలు. మొదటి బేస్ మీద రన్నరున్నప్పుడు పిచర్ కాలు కదిపిన క్షణం నుంచి క్యాచర్ గ్లోవ్‌లో బంతి పడేదాకా కొలవండి. 1.3 సెకన్లు మంచిది. 1.5 దాటితే మేజర్ లీగ్‌లో రన్నర్లు బేస్‌లు దోచుకుపోతారు. ఆ భయంతో పిచర్ తొందరపడితే ఫాస్ట్‌బాల్ వేగం ఒకటి రెండు మైళ్లు పడిపోతుంది. రన్నర్ లేనప్పటి వేగం, ఉన్నప్పటి వేగం విడివిడిగా రాసుకోండి.

2–0, 3–1 కౌంట్లలో (ముందు గురి తప్పిన బంతులు, తర్వాత స్ట్రైక్‌లు) ఏం వేస్తున్నాడో కూడా చూడండి. అప్పుడు సైతం స్లైడర్‌ని స్ట్రైక్‌గా వెయ్యగలిగితే అతను పైస్థాయికి దగ్గర్లో ఉన్నాడు.

ప్రశ్న: మోచేతిలో తెగిన లిగమెంట్‌ని మార్చే టామీ జాన్ శస్త్రచికిత్స అయిన పిచర్ని కూడా ఈ డ్రాఫ్ట్‌లో తీసుకుంటారా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: తీసుకుంటారు. మంచి బేరాలు అక్కడే దొరుకుతాయి కూడా. గ్యారెట్ విట్‌లాక్‌కి 2019లో ఆ శస్త్రచికిత్స జరిగింది. 2020లో కోవిడ్ వల్ల మైనర్ లీగ్ సీజనే లేదు. కోలుకున్నాక ఎలా వేస్తున్నాడో మైదానంలో చూసే అవకాశం ఎవరికీ రాలేదు. యాంకీస్ అతన్ని 40 మందిలో చేర్చలేదు, ఆ డిసెంబర్‌లో రెడ్ సాక్స్ తీసుకుంది. 2021లో 73 ఇన్నింగ్స్ పైన వేసి 1.96 ఈఆర్ఏ సాధించాడు.

తిరిగి రావడానికి 12 నుంచి 18 నెలలు పడుతుంది. సాధారణంగా వేగం ముందు తిరిగొస్తుంది, బంతి మీద పట్టు తర్వాత వస్తుంది. కాబట్టి మొదటి కొన్ని నెలల వాక్‌లు చూసి తోసెయ్యొద్దు. వేగం మునుపటికి చేరిందా, బంతి వదిలే ఎత్తు మునుపటిలాగే ఉందా అన్నవి చూడండి. చెయ్యి కిందికి జారుతూ, వేగం కూడా తగ్గుతుంటే వదిలేయడమే మంచిది.

గాయపడ్డవాణ్ని ఏడాదంతా గాయాల జాబితాలో దాచిపెట్టి షరతు దాటించడం మాత్రం కుదరదు. కనీసం 90 రోజులు ఆడే జట్టులో ఉండాలి. అంతకు తక్కువైతే మిగిలిన రోజులు తర్వాతి సీజన్లో పూర్తి చెయ్యాలి.