నెట్ లేని చోట యాప్స్ వేసుకోవడం గురించి బుజ్జికి

బుజ్జీ,

నెట్ లేని చోట అక్కడి ఫోన్లలో యాప్స్ ఎలా వేయాలని నువ్వడిగావు, అది ఫోన్లో రెండు ముక్కల్లో తేలేది కాదు, అందుకే కూర్చుని రాస్తున్నా. ఇన్‌స్టాల్ చేయడం అసలు పనే కాదమ్మా, ఏపీకే ఫైల్ (ఆండ్రాయిడ్ యాప్ ఉండే ఫైల్) మీద నొక్కితే అయిపోతుంది, పనంతా బయల్దేరకముందు నెట్ ఉన్నప్పుడే తెమిలిపోవాలి, అక్కడికెళ్లాక ఒక్క ఫైల్ తక్కువైనా తల పట్టుకుని కూర్చోవడమే. ఆ ఫోన్లలో ఐఫోన్లుంటే వాటిని పక్కన పెట్టెయ్, ఆపిల్ వాళ్లు ఇలా ఫైల్ నొక్కి వేసుకోనివ్వరు. యూరప్‌లో 2024 నుంచి వేరే స్టోర్లు వచ్చాయి గానీ వాటికీ నెట్ కావాల్సిందే. కాబట్టి ఇదంతా ఆండ్రాయిడ్ గురించే.

ముందు ఫైల్ ఎక్కడ్నుంచి తెస్తున్నావో చూసుకో. యాప్ పేరు పక్కన ఏపీకే అని వెతికి మొదట కనపడ్డ సైట్లోంచి దించేయకు. వీఎల్‌సీ, సిగ్నల్, వాట్సాప్ లాంటి వాళ్లు తమ సొంత సైట్లోనే ఫైల్ ఇస్తున్నారు, అక్కడే తీసుకో. ఓపెన్ సోర్స్ యాప్స్ (కోడ్ ఎవరైనా చూడగలిగేవి) అయితే ఎఫ్-డ్రాయిడ్ అనే యాప్ స్టోర్ ఉంది, 2010 నుంచి నడుస్తోంది, అక్కడ దాదాపు అన్నీ ఒకే ఫైల్‌గా దొరుకుతాయి, మనకి కావాల్సింది అదే. అన్‌లాక్డ్, మాడ్, ప్రీమియం ఫ్రీ అని రాసుంటే మాత్రం ముట్టుకోకు, ఎవరో విప్పి లోపల ఏదో మార్చి మళ్లీ కట్టిన ఫైల్ అది, ఏం మార్చారో నీకూ తెలీదు నాకూ తెలీదు.

ఇక్కడే సంతకం సంగతి చెప్పాలి, చాలామందికి ఇది పట్టదు. ప్రతి ఏపీకే మీదా చేసినవాళ్ల డిజిటల్ సంతకం ఉంటుంది, ఫోన్లో యాప్ ఆల్రెడీ ఉంటే అదే సంతకం ఉన్న ఫైల్‌నే అప్‌డేట్‌గా ఒప్పుకుంటుంది, సంతకం వేరైతే యాప్ నాట్ ఇన్‌స్టాల్డ్ అని చెప్పి ఊరుకుంటుంది, కారణం కూడా సరిగ్గా చెప్పదు. ఎఫ్-డ్రాయిడ్ వాళ్లు చాలా యాప్స్‌కి తమ సొంత సంతకమే పెడతారు, అందుకని ప్లే స్టోర్‌లోంచి వేసిన యాప్ మీద ఎఫ్-డ్రాయిడ్ ఫైల్ చాలాసార్లు ఎక్కదు. పాతది తీసేసి కొత్తది వేస్తే పోలేదా అంటావేమో, తీస్తే దాంతోపాటు లోపలి డేటా కూడా పోతుంది, ముందు బ్యాకప్ తీసుకో. ఉన్నదానికంటే పాత వెర్షన్ కూడా మీద ఎక్కదు, అదీ గుర్తుపెట్టుకో.

తర్వాత ముక్కల గొడవ. 2021 ఆగస్టు నుంచి ప్లే స్టోర్‌లో కొత్త యాప్స్‌ని ముక్కలుగా విడగొట్టి పంపగలిగే బండిల్‌గానే పెట్టాలన్నారు, అంటే నీ ఫోన్‌కి వచ్చేది ఒక్క ఫైల్ కాకపోవచ్చు, బేస్ (అసలు యాప్) ఒకటి, ప్రాసెసర్‌కి ఒకటి, స్క్రీన్‌కి ఒకటి, భాషకి ఒకటి. నీ ఫోన్లోని యాప్‌ని ఏదో టూల్‌తో బయటికి తీసి వేరే ఫోన్లో వేద్దామనుకుంటే చాలాసార్లు బేస్ ఒక్కటే వస్తుంది, అది ఎక్కదు, ఎక్కినా తెరవగానే మూసుకుపోతుంది. ఎక్స్ఏపీకే, ఏపీకేఎస్ అని ఫైల్ పేరు చివర కనపడేవి ఈ ముక్కలన్నీ కలిపిన మూటలే, వాటికి వేరే ఇన్‌స్టాలర్ కావాలి, ఆ ఇన్‌స్టాలర్ ఏపీకే కూడా ముందే పెట్టుకోవాలి మరి. ప్రాసెసర్ కూడా చూసుకో, ఈమధ్య ఫోన్లకి ఆర్మ్64-వీ8ఏ, బాగా పాతవాటికి ఆర్మెయాబీ-వీ7ఏ, రెండూ తీసుకుంటే గొడవే లేదు.

ఫైల్స్ దించాక ఎస్‌హెచ్ఏ-256 సరిచూడు, డౌన్‌లోడ్ పక్కనే చాలామంది ఇస్తారు, ఫైల్‌లో ఒక్క ముక్క మారినా మారిపోయే 64 అక్షరాల పొడుగు కోడ్ అది. విండోస్‌లో సర్ట్‌యుటిల్ అనే కమాండ్ ఉంది, ఫైల్ కోడ్ చూపిస్తుంది, రెండూ ఒకటైతే ఫైల్ దారిలో పాడవలేదన్నమాట. పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని ఓటీజీతో (పెన్‌డ్రైవ్‌ని ఫోన్‌కి కలిపే అడాప్టర్) ఫోన్‌కి తగిలించు, కానీ ఫ్యాట్32 అనే ఫార్మాట్‌లో ఉన్న డ్రైవ్‌లో 4 జీబీ దాటిన ఫైల్ పట్టదు, మ్యాపులు, వీడియోలు మోసుకెళ్తుంటే ఇది చూసుకోవాలి. జీమెయిల్‌లో పంపుకుందామనుకోకు, అది ఏపీకేని అటాచ్ చేయనివ్వదు.

ఫోన్లో పని మొదలెట్టాక, ఆండ్రాయిడ్ 8 నుంచి పర్మిషన్ ఒక్కో యాప్‌కి విడిగా ఇవ్వాలి. ఫైల్ మేనేజర్‌లో ఏపీకే నొక్కితే సెట్టింగ్స్‌కి తీసుకెళ్తుంది, అలో ఫ్రమ్ దిస్ సోర్స్ ఆన్ చేసి వెనక్కి వచ్చి ఇన్‌స్టాల్ నొక్కు, పనయ్యాక మళ్లీ ఆఫ్ చెయ్, ఇది మర్చిపోతారు అందరూ. ఆండ్రాయిడ్ 13 నుంచి ఇలా వేసిన యాప్‌కి యాక్సెసిబిలిటీ (స్క్రీన్ మీదున్నది చదివి మన బదులు నొక్కగల అధికారం) లాంటి పర్మిషన్ సులువుగా దొరకదు, యాప్ ఇన్ఫోలో మూడు చుక్కల మెనూలోకెళ్లి రెస్ట్రిక్టెడ్ సెట్టింగ్స్ అలో చేయాలి. అది అడిగే యాప్‌ని రెండుసార్లు అనుమానించు, టార్చ్ యాప్‌కి యాక్సెసిబిలిటీ ఎందుకు చెప్పు? ఇంకోటి, ఆండ్రాయిడ్ 14లో బాగా పాత యాప్స్, అంటే 6.0 కంటే ముందు ఆండ్రాయిడ్ కోసం చేసినవి, మామూలుగా ఎక్కవు.

ఫోన్లు ఎక్కువుంటే చేత్తో ఒక్కోటి నొక్కుతూ కూర్చోకు, ల్యాప్‌టాప్‌లో ఏడీబీ (ల్యాప్‌టాప్ నుంచి ఫోన్‌కి కమాండ్లు పంపే టూల్) పెట్టుకో, ఫోన్‌లో డెవలపర్ ఆప్షన్స్‌లో యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేస్తే కేబుల్ తగిలించి ఒక్క కమాండ్‌తో ఎక్కుతుంది, ముక్కలు ముక్కలుగా ఉన్న యాప్‌కి కూడా అందులోనే ఇన్‌స్టాల్-మల్టిపుల్ అని ఉంది. ఎక్కకపోతే ఎందుకెక్కలేదో కూడా చెప్తుంది, వెర్షన్ డౌన్‌గ్రేడ్ అనో మిస్సింగ్ స్ప్లిట్ అనో, ఫోన్ స్క్రీన్ కంటే ఇది వంద రెట్లు నయం. వెరిఫై చేయించుకోని డెవలపర్ల యాప్స్‌ని సర్టిఫైడ్ (గూగుల్ ఆమోదించిన) ఫోన్లలో ఆపుతామని గూగుల్ 2025 ఆగస్టులో ప్రకటించింది, ఏడీబీతో వేసేదానికి మాత్రం ఆ అడ్డు ఉండదన్నారు, కాబట్టి ఇది నేర్చుకుని పెట్టుకో.

బయల్దేరేముందు ఒక ఫోన్‌ని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, వైఫై కూడా ఆపేసి, ప్రతి యాప్‌నీ తెరిచి చూడు. మొదటిసారి తెరవగానే లాగిన్ అడిగేవి, లోపలి ఫైల్స్ నెట్‌లోంచి దించుకునేవి అప్పుడే బయటపడతాయి. మ్యాప్ యాప్ అయితే మ్యాపులు కూడా ముందే దించాలి, ఖాళీ యాప్ ఎక్కించి లాభమేముంది.

నీ లిస్టులో యాప్స్ ఏంటో, ఆ ఫోన్లలో ఆండ్రాయిడ్ ఎన్నో వెర్షనో రాసి పంపు, ఏవి ఒకే ఫైల్‌గా దొరుకుతాయో చూసి చెప్తా.

పెదనాన్న