కుక్క పళ్లకు 14 వేలు: ఇన్సూరెన్సా, కార్డా, ఎఫ్‌డీనా?

ప్రశ్న: మాది విజయవాడ. ఇంట్లో ఏడేళ్ల పమేరియన్, రెండేళ్ల పిల్లి ఉన్నాయి. కుక్క పళ్లకు గార పట్టి, రెండు పళ్లు కదులుతున్నాయి. రక్తపరీక్షలు, మత్తు, క్లీనింగ్, పళ్లు తీయడం అన్నీ కలిపి 14 వేలవుతుందన్నారు డాక్టరుగారు. పెట్ ఇన్సూరెన్స్ తీసుకుని కొన్నాళ్లాగి చేయించమంటారా? క్రెడిట్ కార్డు మీద కట్టేయమంటారా? లక్షన్నర ఎఫ్‌డీ ఉంది కానీ కదపబుద్ధి కావడం లేదు.

జవాబు: ఎఫ్‌డీనే కదపండి. పాలసీ తీసుకునే నాటికే ఉన్న జబ్బుకు క్లెయిమ్ రాదు. పైగా చాలా పెట్ పాలసీల్లో పళ్ల క్లీనింగ్ మినహాయింపుల జాబితాలోనే ఉంటుంది. ఏజెంటు ఎంత తీయగా చెప్పినా ఆ పేజీ చదవకుండా సంతకం పెట్టకండి.

కార్డు బాకీ 14 వేలు అలా ఉంచేస్తే, నెలకు 3.5 శాతం అనుకుంటే 490 రూపాయల వడ్డీ, దాని మీద జీఎస్టీ. ఎఫ్‌డీలో ఆ 14 వేలు మాత్రమే ముందుగా తీస్తే, సాధారణంగా ఒక శాతం దాకా వడ్డీ కోత పడుతుంది, అంటే ఏడాదికి 140 రూపాయల దాకా. కొంత భాగమే తీసే వీలుందో లేదో బ్యాంకులో అడగండి.

గ్రూమింగ్ సెంటర్లలో మత్తు లేకుండా చౌకగా గీకేస్తామంటారు. పైకి పళ్లు తెల్లబడతాయి, చిగుళ్ల కింది గార అక్కడే ఉంటుంది. జబ్బు ఉన్నది అక్కడే కదా! ఖర్చు తగ్గించుకోవాలంటే గన్నవరం పశువైద్య కళాశాల ఆసుపత్రిలో ఈ పని చేస్తారేమో కనుక్కోండి. పళ్లు కదులుతున్నాయంటే నొప్పి ఉంటుంది, నెలల తరబడి ఆపకండి.

ఇది ఒక్కసారితో పోయే ఖర్చు కాదు. పమేరియన్ లాంటి చిన్న జాతులకు చిన్న దవడలో 42 పళ్లు ఇరుక్కుని ఉంటాయి, గార మళ్లీ పడుతుంది. అందుకే నెలకు 1,200తో ఒక ఆర్‌డీ (రికరింగ్ డిపాజిట్) వేయండి. ఏడాదికి 14,400, వడ్డీ అదనం. పిల్లి ఖర్చూ అందులోంచే. దానికి ఇప్పట్నుంచే రోజూ బ్రష్ అలవాటు చేయండి. కుక్కకైనా పిల్లికైనా పెట్ షాపులో దొరికే పేస్టే వాడండి. మన పేస్టుల్లో కొన్నింటిలో ఉండే జైలిటాల్ అనే తీపి పదార్థం కుక్కలకు విషం.

బిల్లు కూడా చూసుకోండి. పశువైద్య క్లినిక్ చేసే చికిత్సకు జీఎస్టీ లేదు, పేస్టు, బ్రష్ లాంటి వస్తువుల మీదే ఉంటుంది. కుటుంబ ఆరోగ్య బీమాకు ఇచ్చే పన్ను మినహాయింపు (80డి) మాత్రం అడగకండి, ఆదాయపు పన్ను శాఖ లెక్కలో పమేరియన్ ఇంకా కుటుంబ సభ్యుడు కాలేదు.