రెండు లోకాల హీరోలను కలిపే ముందు

అమ్మలూ,

నీ మెసేజ్ చూశాను. నువ్వు గీసే హీరో హార్బర్ పిల్లనీ, మీ ఫ్రెండ్ గీసే గాజువాక ఉక్కు మనిషినీ ఒకే కామిక్‌లో కలపబోతున్నారని చదివి చాలా సంతోషం వేసింది. చిన్నప్పటి నుంచి ఈ బొమ్మల పుస్తకాలు కొని దాచుకుంటున్నవాణ్ణి కాబట్టి నాకు తోచింది చెబుతాను.

ఇద్దరిలో ఎవరు గెలుస్తారు అన్న దగ్గర కథ మొదలుపెట్టకండి. 1996లో అమెరికాలోని రెండు పెద్ద కామిక్స్ కంపెనీలు మార్వెల్, డీసీ తమ హీరోలకి పోటీలు పెట్టి, అందులో ఐదింటి ఫలితాన్ని పాఠకుల ఓట్లకి వదిలేశాయి. మార్వెల్ వాళ్ల స్టార్మ్ చేతిలో డీసీ వాళ్ల వండర్ వుమన్ ఓడిపోయింది, ఎందుకంటే స్టార్మ్‌కి ఓట్లు ఎక్కువ వచ్చాయి, అంతే. కథలో కారణం లేని గెలుపు ఎవరికి కావాలి చెప్పు? నువ్వు ఇన్‌స్టాలో పోల్ పెడతానన్నావు కదా, దయచేసి ఆ పని చేయకు.

కొట్లాట వద్దని కాదు, ఉండాలి. 1976లో సూపర్‌మ్యాన్, స్పైడర్‌మ్యాన్ మొదటిసారి కలిసిన పుస్తకంలోనూ ముందు కొట్టుకున్నారు, తర్వాతే చేతులు కలిపారు. కానీ అక్కడ కొట్టుకున్నది సూపర్‌మ్యాన్ శత్రువు లెక్స్ లూథర్ మోసం వల్ల. మన దగ్గర అంతకంటే గట్టి దారి ఉంది. గయోపాఖ్యానం నాటకం గుర్తు చేసుకో. మా చిన్నప్పుడు చాపలు పట్టుకెళ్లి తెల్లారేదాకా కూర్చుని, పద్యాలకి వన్స్‌మోర్ కొడుతూ చూసేవాళ్లం. గయుడు ఆకాశంలో పోతూ ఉమ్మిన తాంబూలం కృష్ణుడి దోసిట్లో పడింది, వాణ్ణి చంపుతానని ఆయన శపథం పట్టాడు, సంగతి పూర్తిగా తెలియకుండానే అర్జునుడు వాడికి అభయం ఇచ్చేశాడు. ఇద్దరిదీ తప్పు లేదు, ఇద్దరూ మాట తప్పలేరు, అందుకే ఆ యుద్ధం చూస్తుంటే గుండె బరువెక్కుతుంది. మీ ఇద్దరి హీరోలకీ అలాంటి మాట ఒకటి ఇప్పించండి.

ఇక అసలు విషయం. క్రాసోవర్ అంటే రెండు లోకాల రూల్స్ ఒకదానికొకటి తగలడం. కర్ట్ బ్యూసిక్ రాసి జార్జ్ పెరెజ్ గీసిన జేఎల్‌ఏ–అవెంజర్స్‌లో డీసీ వాళ్ల జస్టిస్ లీగ్ జట్టు (జేఎల్‌ఏ), మార్వెల్ వాళ్ల అవెంజర్స్ జట్టు కలుస్తాయి. అందులో జస్టిస్ లీగ్‌లోని మెరుపు వేగం హీరో ఫ్లాష్ మార్వెల్ లోకంలో అడుగుపెట్టగానే పరిగెత్తలేకపోతాడు, ఎందుకంటే అతనికి వేగాన్నిచ్చే స్పీడ్ ఫోర్స్ అక్కడ లేదు. ఇంతమంది హీరోలుండి కూడా మార్వెల్ లోకం ఇంత అధ్వానంగా ఉందేమిటని జస్టిస్ లీగ్ వాళ్లు బాధపడతారు, డీసీ లోకంలో జనం హీరోలకి మ్యూజియాలు కట్టి కొలుస్తున్నారేమిటని అవెంజర్స్ వాళ్లు అనుమానపడతారు. ఆ పేజీలు ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు.

మీకూ అది చేతిలోనే ఉంది, మీరు గమనించినట్టు లేదు. నీ పిల్ల బలమంతా సముద్రం నుంచి వస్తుంది, మీ ఫ్రెండ్ కథలోనేమో విశాఖలో సముద్రం ఎప్పుడో ఎండిపోయింది. మరి నీ పిల్ల అక్కడికి వెళ్లి బీచ్ రోడ్డులో నిలబడితే? ఒడ్డున మ్యూజియంగా పెట్టిన కురుసుర సబ్‌మెరైన్ అవతల చుక్క నీరు ఉండదు, డాల్ఫిన్స్ నోస్ కొండ ఎండిన ఇసుకలో ఉత్త రాయిలా ఉంటుంది, అలల చప్పుడు లేదు, ఒంట్లో శక్తి లేదు, పక్కనున్న పిల్లాడు "సముద్రం అంటే ఏంటక్కా?" అని అడుగుతాడు. దానికి నాలుగు పేజీలివ్వు, తొందరపడకు. అలాగే ఉక్కు మనిషి నీ లోకానికి వస్తే ఉప్పుగాలికి తుప్పు పట్టాలి. బీచ్ దగ్గర ఇళ్లలో గేట్లు, కిటికీ ఊచలు ఏమవుతాయో నీకు చెప్పక్కర్లేదు కదా.

విలన్ గురించి పెద్దగా ఆలోచించకండి, ఇద్దరికీ పనికొచ్చేవాడు ఒకడు చాలు.

ఇంకోటి, ఇది మాత్రం తప్పకుండా చెయ్యండి. ఎవరి పాత్ర హక్కు వాళ్లదే, ఎవరికి ఎన్ని పేజీలు, కథ చివరి మాట ఎలా తేల్చుకుంటారు అన్నవి ముందే కాగితం మీద రాసుకోండి. ఆ జేఎల్‌ఏ–అవెంజర్స్‌ను 1980ల మొదట్లోనే అనుకున్నారు, పెరెజ్ గీయడం కూడా మొదలుపెట్టాడు, కథ మీద రెండు కంపెనీలకీ కుదరక ఆగిపోయింది. బయటికొచ్చింది 2003లో. నేనూ, నా చిన్ననాటి స్నేహితుడూ ఒక సీరియల్ బొమ్మల కథ కలిసి చేయబోయి, ఎవరి హీరో ముందు కనబడాలన్న దగ్గర మాటా మాటా అనుకుని విడిపోయాం, అతను పోయేదాకా మళ్లీ కలవలేదు. అది నాకు ఇప్పటికీ బాధే. మీ ఇద్దరికీ అలా కాకూడదు తల్లీ.

చివర్లో ఇద్దరూ ఎవరి లోకానికి వాళ్లు వెళ్లిపోవాలి. కానీ ఏమీ జరగనట్టు మాత్రం కాదు. ఉక్కు మనిషి భుజం మీద ఆ తుప్పు మరక అలాగే ఉంచమని మీ ఫ్రెండ్‌కి చెప్పు, వాడి సొంత కథ తర్వాతి భాగంలో కూడా.

పేజీలు అయ్యాక పట్టుకురా, పెన్సిల్‌తో ఉన్నప్పుడే చూస్తాను.

పెద్దనాన్న