టీములో పుష్ టు టాక్ పెట్టబోతున్న మా అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి మీ పెదనాన్న ఆశీర్వదించి వ్రాసేది.

మొన్న ఆదివారం నువ్వు ఫోనులో అడిగిన దానికి అప్పటికప్పుడు సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. నీ కింద పన్నెండు మంది ఉన్నారనీ, వాళ్లలో నలుగురు ఇక్కడే బెంగళూరులోనూ మిగిలినవాళ్లు విజయవాడ, కడప, అనంతపురం, హైదరాబాదులలోనూ ఇళ్ల నుంచే పనిచేస్తున్నారనీ, రెండు ముక్కల్లో తేలే మాటకు కూడా మీటింగ్ లింకు పంపి అందరూ చేరేదాకా కూర్చోవలసి వస్తోందనీ చెప్పావు. వాకీటాకీలాగా బటన్ నొక్కి మాట్లాడే యాప్ ఒకటి పెడదామనుకుంటున్నానని, ఏది మంచిదో చెప్పమని అడిగావు. పెట్టమనే నా సలహా. అయితే యాప్ పేరు దగ్గర మొదలుపెడితే తరువాత చిక్కులు వస్తాయి కనుక, ముందుగా తేల్చుకోవలసిన సంగతులు వ్రాస్తున్నాను. కంట్రోల్ రూములో పాతికేళ్లు షిఫ్టులు చేశాను. మొదట కేబుల్ వేసే మనుషులతో వాకీటాకీల మీద, చివరి మూడేళ్లు ఇళ్ల నుంచి పనిచేసే మా టీము పిల్లలతో ఇలాంటి యాప్ మీద మాట్లాడాను. ఆ అనుభవంతో చెబుతున్న మాటలు ఇవి.

ఫోను మోగుతుంది, ఎత్తాలా వద్దా అన్నది ఎత్తేవాళ్ల ఇష్టం. మెసేజి వస్తుంది, తీరిక చూసుకుని చదువుకుంటారు. పుష్ టు టాక్‌లో, అంటే బటన్ నొక్కి మాట్లాడే ఈ పద్ధతిలో, ఆ గడప లేదు. నువ్వు మారతహళ్లిలో బటన్ నొక్కగానే నీ గొంతు కడపలో ఒకరి వంటింట్లోకో, పసిపిల్లను నిద్రపుచ్చుతున్న గదిలోకో తలుపు తట్టకుండా వెళ్లిపోతుంది. దాని సుఖమూ అదే, దాని బాధా అదే. అందుచేత ఎవరు ఎవరి చెవిలోకి ఏ వేళల్లో ఏ పని మీద ప్రవేశించవచ్చో ముందే నిర్ణయించు. షిఫ్టు ముగిసినవాళ్లు ఛానెల్ నుంచి, అంటే అందరూ ఒకరి మాట ఒకరు వినే ఆ ఉమ్మడి గది నుంచి, బయటికి వెళ్లిపోవాలి. అది అనుమతి తీసుకుని చేసే పని కాకూడదు. భోజనానికి లేచినప్పుడు, ఇంట్లో పెద్దవాళ్లకు మందులు ఇవ్వవలసినప్పుడు "బిజీ" అని పెట్టుకునే హక్కు అందరికీ ఉండాలి. యాప్‌లో పేరు పక్కన, మనిషి అందుబాటులో ఉన్నాడని చూపే పచ్చగుర్తు కనిపించడం లేదేమని ఎవరినీ ఎప్పుడూ అడగవద్దు. ఒక్కసారి అడిగితే చాలు, ఆ రోజు నుంచి అది మాట్లాడుకునే సాధనంగా కాక కాపలా కాసే సాధనంగా మారిపోతుంది, మంచి పనివాళ్లు మెల్లగా దూరమవుతారు. ఇది నేను కళ్లారా చూశాను.

ఏ పనికి గొంతు కావాలో కూడా ముందే తేల్చుకోవాలి. అమెరికాలో నెక్స్‌టెల్ అనే కంపెనీ సెల్‌ఫోన్లలో ఈ బటన్‌ను ఊరూరా వాడుకలోకి తెచ్చినప్పుడు దానిని ఎక్కువగా పట్టుకున్నవాళ్లు కట్టడాల దగ్గర పనిచేసేవాళ్లు, డ్రైవర్లు, రిపేర్లకు తిరిగేవాళ్లు. చేతులు ఖాళీ లేనివాళ్లకూ చూపు పని మీదే ఉంచవలసినవాళ్లకూ అది వరమైంది. ఆ నెట్‌వర్కును 2013 జూన్ 30న మూసివేసే నాటికే వాక్సర్, జెల్లో వంటి యాప్‌లు మామూలు స్మార్ట్‌ఫోన్లలోకి అదే సౌకర్యాన్ని తెచ్చాయి. నీ టీము సంగతి వేరు. వాళ్ల చేతులు కీబోర్డు మీదే ఉంటాయి, అక్షరాలలో చెప్పగలిగినది అక్షరాలలో చెప్పడమే వాళ్లకు సులువు. టికెట్ నంబరు, లింకు, పాస్‌వర్డు, కోడు ముక్క ఎప్పుడూ గొంతుతో పంపకూడదు. సర్వర్ పడిపోయి నలుగురు నాలుగు వైపుల నుంచి దాని మీద పనిచేస్తున్నప్పుడు, షిఫ్టు అప్పగించేటప్పుడు, కొత్తగా చేరిన పిల్లకు పక్కన కూర్చున్నట్లుగా పని నేర్పేటప్పుడు గొంతు కావాలి. ఈ మూడింటికీ మూడు ఛానెళ్లు పెట్టు, నాలుగోది కావాలనిపిస్తే నెల రోజులు ఆగి చూడు.

ఇక అసలైన సంగతి మాట తెగిపోవడం. దీని మీద కొంచెం ఎక్కువగా వ్రాస్తాను, ఎందుకంటే మన తెలుగులో మాట్లాడేవాళ్లకు ఇది తక్కినవాళ్లకన్నా ఎక్కువ ప్రమాదం. బటన్ నొక్కిన క్షణానికీ మైకు నిజంగా తెరుచుకున్న క్షణానికీ మధ్య చిన్న సందు ఉంటుంది. బ్లూటూత్ ఇయర్‌ఫోను అయితే ఆ సందు ఇంకా పెద్దది. పాటలు వినిపించడానికి ఒక పద్ధతి, మైకుతో మాట్లాడడానికి వేరొక పద్ధతి అందులో ఉంటాయి. నువ్వు నొక్కినప్పుడు అది ఒక పద్ధతి నుంచి మరొక పద్ధతికి మారుతుంది, అంతలో నీ మొదటి అక్షరం గాలిలో కలిసిపోతుంది. చాలా ఏళ్ల క్రితం ఒక రాత్రి రెండు గంటలకు, వాకీటాకీ మీద, "అరవై మూడో నంబరు కేబులు తీయి" అన్నాను. అవతల ఉన్న కుర్రవాడికి వినిపించింది "రవై మూడో నంబరు" మాత్రమే. అతను దానిని ఇరవై మూడు అనుకుని, నడుస్తున్న కేబులును తీసేశాడు. నలభై నిమిషాల పాటు ఎంతోమందికి లైన్లు పోయాయి. తప్పు అతనిది కాదని, నేను బటన్ పూర్తిగా నొక్కకముందే మాట మొదలుపెట్టానని మరునాడు రిపోర్టులో వ్రాసి ఇచ్చాను. తెలుగులో ఇరవై, అరవై అనే రెండు మాటలకూ మొదటి అక్షరం ఒక్కటే తేడా. అది పోతే రెండూ ఒకటే.

చివర తెగితే అంతకన్నా ఘోరం. మన వాక్యంలో అసలు నిర్ణయం ఆఖరున ఉంటుంది. "ఇప్పుడే రీస్టార్ట్ చేయవద్దు" అనే మాటలో ప్రాణమంతా ఆ "వద్దు"లో ఉంది. మాట పూర్తయిందనే తొందరలో వేలు కాస్త ముందుగా ఎత్తితే అవతలివాళ్లకు "ఇప్పుడే రీస్టార్ట్ చేయ" అన్నంతవరకే చేరుతుంది, వాళ్లు చేసేస్తారు. 2021లో అందరూ ఇళ్ల నుంచి పనిచేస్తున్న రోజుల్లో మా టీములో అచ్చంగా ఇదే జరిగింది. అప్పటి నుంచి మా పిల్లలకు రెండు అలవాట్లు చేయించాను. బటన్ నొక్కి, మనసులో "ఒకటి" అనుకుని, అప్పుడు మాట మొదలుపెట్టాలి. మాట ముగిశాక మళ్లీ "ఒకటి" అనుకుని, అప్పుడు వేలు తీయాలి. వద్దనే మాట ఏదైనా ఉంటే దానిని వాక్యం ముందుకు తేవాలి: "ఆగండి, రీస్టార్ట్ వద్దు, ఆగండి." వినడానికి కొంచెం మొరటుగా ఉన్నా ఫరవాలేదు. అంకెలను ఒక్కొక్కటిగా విడదీసి "ఆరు, మూడు" అని చెప్పాలి, విన్నవాళ్లు అవే అంకెలను తిరిగి చెప్పాలి. తిరిగి చెప్పడం అయ్యేదాకా ఎవరూ కేబులూ తీయకూడదు, కమాండూ కొట్టకూడదు. డిస్కార్డ్ వంటి యాప్‌లలో బటన్ వదిలిన తరువాత కూడా మైకు కొంతసేపు తెరిచి ఉండేలా పెట్టుకునే సెట్టింగు ఉంది. దానిని అందరి కంప్యూటర్లలోనూ నువ్వే దగ్గరుండి పెట్టించు. బ్లూటూత్ బదులు వైరున్న హెడ్‌సెట్ కొనిపించు. కంపెనీ డబ్బు ఇవ్వకపోతే గట్టిగా అడుగు, ఎందుకంటే పన్నెండు హెడ్‌సెట్ల ఖర్చు ఒక్క తప్పు రీస్టార్ట్ ఖర్చుకు సరిపోలదు.

పిలిచే పద్ధతి కూడా నేర్పాలి. ముందు పిలవబోయేవాళ్ల పేరు, తరువాత నీ పేరు, అటుపైన ఆగడం. వాళ్లు "చెప్పండి" అన్నాకే విషయం. ఒకేసారి ఒక్కరు మాత్రమే మాట్లాడగల ఏర్పాటు ఇది. నువ్వు బటన్ పట్టుకుని ఉన్నంతసేపూ తక్కిన పన్నెండు మంది నోళ్లు మూసినట్లే. అందుకని ఒక విడతలో పదిహేను సెకన్లు మించవద్దని నియమం పెట్టు. బటన్ కింద పుస్తకం పడి నొక్కుకుపోతే ఛానెల్ అంతా ఆగిపోతుంది కనుక, ఒక విడతకు గరిష్ఠ సమయం పెట్టే వీలు యాప్‌లో ఉందేమో చూడు. శబ్దం వినగానే మైకు దానంతట అదే తెరుచుకునే పద్ధతిని మాత్రం మన ఇళ్లలో పెట్టుకోవద్దు. కుక్కర్ విజిల్‌కూ, వీధిలో కూరగాయల బండి కేకకూ అది తెరుచుకుంటుంది.

ఇంట్లో ఉన్నవాళ్ల సంగతి ఒకటుంది. స్పీకర్ మీద పెట్టి పనిచేస్తే కస్టమర్ పేరు, అతని ఇబ్బంది, కొన్నిసార్లు అతని నంబరు కూడా ఇంటిల్లిపాదికీ వినిపిస్తాయి. మనవాళ్లు మంచివాళ్లే కావచ్చు, అయినా అది వాళ్లు వినవలసిన మాట కాదు. ఛానెల్‌లో ఉన్నంతసేపూ చెవికి హెడ్‌సెట్ ఉండాలి.

బెంగళూరు వానల గురించి నీకు వేరే చెప్పనక్కరలేదు. 2022 సెప్టెంబరు మొదటి వారంలో ఔటర్ రింగ్ రోడ్డు నీట మునిగినప్పుడు బెల్లందూరు వైపున్న మా ఇద్దరు పిల్లల ఇళ్లలో కరెంటు పోయింది, దానితోపాటు వైఫై పోయింది, మిగిలింది బలహీనమైన మొబైల్ డేటా ఒక్కటే. వీడియో మీటింగు ఒక్కటీ నిలవలేదు కాని, మాటల ఛానెల్ మాత్రం కుంటుతూనే నడిచింది. గొంతుకు కావలసిన డేటా అంత తక్కువ. ఇలాంటి యాప్‌లలో చాలావాటికి ఆధారమైన ఓపస్ అనే ఆడియో పద్ధతి సెకనుకు 6 కిలోబిట్ల దాకా దిగి కూడా పనిచేయగలదు. మాటను మామూలుగా 20 మిల్లీసెకన్ల ముక్కలుగా కోసి పంపుతుంది కనుక, దారిలో ఒకటి రెండు ముక్కలు పోయినా అర్థం చెడదు. అయితే ఆ రోజే ఇంకొక సంగతి కూడా తెలిసింది. మేము వాడిన యాప్ సిగ్నల్ లేనప్పుడు మాటను దాచి ఉంచి, సిగ్నల్ వచ్చాక వినిపించేది. "ఇప్పుడే లాగిన్ అవుతున్నాను" అని ఒక అమ్మాయి అన్న మాట మాకు ఇరవై అయిదు నిమిషాల తరువాత వినిపించింది, అప్పటికి ఆమె బ్యాటరీ అయిపోయి మళ్లీ బయటికి వెళ్లిపోయింది. మేము ఆమె ఉన్నదనుకుని పని అప్పగించి కూర్చున్నాము. అందుకని ఛానెల్‌లో "ఇప్పుడు", "కాసేపట్లో" అనే మాటలు మాని గడియారం సమయం చెప్పించు: "పదకొండు ఇరవైకి లాగిన్ అయ్యాను."

మాట చేరడంలో ఆలస్యం ఎంతవరకు ఫరవాలేదని నువ్వు అడగవచ్చు. మాట ఒక వైపు చేరడానికి 150 మిల్లీసెకన్ల లోపు పడితే సాధారణంగా ఆ ఆలస్యం తెలియదని, 400 దాటితే నెట్‌వర్కు ఏర్పాటులోనే ఒప్పుకోకూడదని అంతర్జాతీయ టెలికాం సంఘం సిఫారసు. బటన్ నొక్కి మాట్లాడేచోట ఎలాగూ వంతులవారీగా మాట్లాడతాము కనుక కొంచెం ఎక్కువైనా సర్దుకోవచ్చు. ఆండ్రాయిడ్ ఫోన్లలో అంతకన్నా పెద్ద చిక్కు మరొకటి ఉంది. బ్యాటరీ ఆదా చేయడానికి ఫోనే వెనకాల నడుస్తున్న యాప్‌ను ఆపేస్తుంది, మనిషి ఛానెల్‌లో ఉన్నాననే అనుకుంటాడు. ప్రతి ఫోనులోనూ ఆ యాప్‌కు బ్యాటరీ ఆంక్షలు తీసివేయించి, స్క్రీను ఆపి అరగంట జేబులో ఉంచిన తరువాత పిలిచి చూడాలి.

యాప్‌ల మాటకు వస్తే, నీ టీము ఇప్పటికే మైక్రోసాఫ్ట్ టీమ్స్ వాడుతున్నదని చెప్పావు. దాని ఫోను యాప్‌లోనే వాకీటాకీ అనే సౌకర్యం ఉంది, నీ కంపెనీ ఐటీవాళ్లు దానిని తెరిచి ఇవ్వగలరేమో మొదట అడుగు. బయటికి తిరిగే మనుషులు ఎక్కువైతే జెల్లో బాగుంటుంది. పాత మాటలను మళ్లీ వినే వీలుంది కాని, ఆఫీసు పనికి డబ్బు కట్టి తీసుకునే రకమే తీసుకో. రోజంతా కంప్యూటర్ ముందు ఉండేవాళ్లకు డిస్కార్డ్ హాయిగా ఉంటుంది. బ్రౌజర్‌లో తెరిస్తే వేరే విండోలోకి వెళ్లగానే బటన్ పనిచేయదు కనుక ఇన్‌స్టాల్ చేసుకోవాలి. మాటలు కంపెనీ గడప దాటకూడదని పైవాళ్లు పట్టుబడితే మంబుల్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది. దానిని మీ సర్వర్‌లోనే ఉచితంగా పెట్టుకోవచ్చు, ఆలస్యం చాలా తక్కువ, చూడడానికి మాత్రం పాతకాలం సాఫ్ట్‌వేర్‌లా ఉంటుంది. నన్నడిగితే నీ టీముకు మంబులే సరిపోతుంది. ఇవేవీ కుదరకపోతే, జూమ్‌లో మ్యూట్‌లో ఉండి స్పేస్‌బార్ నొక్కి పట్టుకుని మాట్లాడే వీలుంది. ఒక గదిని తెరిచి ఉంచి దానితోనే రెండు వారాలు నెట్టుకు రావచ్చు.

ఏది తీసుకున్నా మాటలు ఎక్కడైనా నిలవ ఉంటాయా, ఎంతకాలం ఉంటాయి, ఎవరు వినగలరు అనే మూడు ప్రశ్నలకు కాగితం మీద జవాబు తీసుకుని టీము అందరికీ చదివి వినిపించు. మనిషి గొంతు కూడా వాళ్ల సొంత సమాచారమే, 2023లో మన దేశంలో వ్యక్తిగత డేటా రక్షణకు చట్టం వచ్చింది. అప్‌డేట్లు కూడా వదిలిపెట్టవద్దు. 2019 జూలైలో ఆపిల్ అంత కంపెనీ కూడా తన వాచీలోని వాకీటాకీ యాప్‌ను, అవతలివాళ్లకు తెలియకుండా వాళ్ల ఫోను ద్వారా వినే లోపం బయటపడినందువల్ల, కొన్నాళ్లు ఆపివేయవలసి వచ్చింది.

అందరికీ ఒక్కసారిగా పెట్టవద్దు. నీతో కలిపి నలుగురితో, సర్వర్ పనుల ఛానెల్ ఒక్కదానితో రెండు వారాలు నడుపు. అనంతపురం అబ్బాయి మొబైల్ డేటా మీద ఉంటాడన్నావు కదా, ఆ నలుగురిలో అతను తప్పకుండా ఉండాలి. అతనికి సరిగ్గా వినిపిస్తే మిగిలినవాళ్లకు వినిపిస్తుంది. ఈ శనివారం సాయంత్రం హెడ్‌సెట్ తీసుకుని కృష్ణరాజపురంలో మా ఇంటికి రా. నేను మేడ మీదికి వెళ్తాను, నువ్వు కింద గదిలో తలుపు వేసుకుని కూర్చో. ఇరవై, అరవై, చేయి, చేయవద్దు అనే నాలుగు మాటలను ఒక్కొక్కటి పదేసి సార్లు పంపి చూద్దాం.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న