కలంకారీకి గది కాదు, ముందు నీళ్ళు చూసుకోండి

‘ఊళ్ళో ఇల్లు తీసుకుని శ్రీకాళహస్తి పద్ధతిలో కలంకారీ వేసుకోవాలని ఉంది, స్టూడియోకి ఎంత గది కావాలి?’ అని అడిగారు. ఆరడుగుల బల్ల పట్టే వసారా చాలు. అడ్వాన్సు ఇచ్చేముందు మాత్రం ఆ ఇంటి బోరు నీళ్ళు గాజుగ్లాసులో పట్టి, చెంచాడు కరక్కాయ పొడి కలిపి గంటసేపు వదిలేయండి. పసుపు ఛాయలోనే ఉంటే సరే. బూడిదరంగుకో నలుపుకో తిరిగిందంటే నీళ్ళలో ఇనుముంది. ఇల్లు ఎంత ముచ్చటగా ఉన్నా వదిలేయండి.

ఎందుకంటే కలంకారీలో నలుపు పుట్టేదే అలా. తుప్పు ఇనుము, బెల్లం నీళ్ళలో పులియబెట్టిన కసిమిని వెదురు కలంతో గీస్తే, మొదట పల్చటి గోధుమరంగు గీతే పడుతుంది. గుడ్డకి ముందే పట్టించిన కరక్కాయ వగరు తగలగానే చూస్తుండగానే నల్లబడుతుంది. నీళ్ళలోనే ఇనుముంటే గీత గీయకముందే గుడ్డంతా మాసినట్టవుతుంది. సున్నపు నీళ్ళకి మాత్రం భయపడక్కర్లేదు, మంజిష్ఠ వేరు నుంచి తీసే ఎరుపుకి అవి మేలే చేస్తాయి.

కసిమికి పది లీటర్ల నీళ్ళకి కిలో తుప్పు ముక్కలు, అరకిలో పైగా బెల్లం వేసి, మట్టికుండ మీద గుడ్డ కట్టి మూడు వారాలు ఉంచండి. మూత బిగించొద్దు, గాలి పొంగుతుంది. నురుగు తగ్గాక వడకట్టండి. తొందరపడి తీస్తే గీత బూడిదరంగులో ఆగిపోతుంది. మరీ చిక్కగా వాడితే కొన్నేళ్ళకి నలుపు గీసిన చోటే గుడ్డ చివికిపోతుంది. వంటింటికి దూరంగా పెట్టండి, ఆ వాసనకి ఇంట్లోవాళ్ళు తిట్టుకుంటారు.

గుడ్డ గంజి పూర్తిగా వదిలేదాకా నానబెట్టి ఉతకాలి. తర్వాత దాన్ని ముంచి పిండడానికి ఐదు మీటర్లకి పావుకిలో కరక్కాయ పొడి, లీటరు పచ్చి గేదె పాలు, మునిగేటన్ని నీళ్ళు. పాలలో వెన్న ఉంటేనే రంగు పాకకుండా గీత దగ్గరే నిలుస్తుంది. ప్యాకెట్ టోన్డ్ పాలు పోసి, గీత అలుక్కుపోయిందని కలాన్ని తిట్టుకునేవాళ్ళు చాలామంది. పిండడం అంతటా ఒకేలా ఉండాలి, లేకపోతే మచ్చలు తేలతాయి. ఆరిన గుడ్డకి పాల వాసనకి చీమలు పడతాయి, డబ్బాలో దాచండి.

అసలు కష్టం ఎరుపు దగ్గర. ఎరుపు రావాల్సిన చోట పటిక నీళ్ళు పూసి, ఒకట్రెండు రోజులు ఆరనిచ్చి, పారే నీళ్ళలో జాడించాలి. బకెట్లో ముంచితే వదిలిన పటిక పక్క భాగాలకి అంటుకుని, మంజిష్ఠ వేర్లు వేసి ఉడికించేటప్పుడు అక్కడా ఎర్రబడుతుంది. ఈ పని శ్రీకాళహస్తిలో స్వర్ణముఖి ఏటి ఒడ్డున పెరిగిందందుకే. ఏరు ఎండితే తొట్టి కట్టి, ఒకవైపు నీళ్ళొచ్చి ఇంకోవైపు పోయేలా పెట్టుకోండి. వాడిన నీళ్ళు పోయే దారి కూడా ముందే చూసుకోండి.

ఎండ సంగతి కూడా లెక్కేసుకోండి. ఆ ప్రాంతంలో ఈశాన్య రుతుపవనాలు గట్టిగా పడతాయి కాబట్టి అక్టోబరు నుంచి డిసెంబరు దాకా గుడ్డలు ఆరవు, బూజు పడతాయి. ఆ నెలల్లో చింత బొగ్గుతో స్కెచ్‌లు, కలాలు చెక్కుకోవడం, కసిమి పెట్టడం లాంటివే పెట్టుకోండి, ఆర్డర్లు ఒప్పుకోవద్దు.

ఇంత చేశాక బజార్లో స్క్రీన్ ప్రింట్ చీరకి ‘పెన్ కలంకారీ’ చీటీ అంటించి మీ ధరలో పదో వంతుకి అమ్ముతుంటే ఒళ్ళు మండుతుంది. పెడనలో చెక్క అచ్చులతో వేసే పని వేరు, అదీ గౌరవించదగ్గ పనే. ఈ స్క్రీన్ సరుకు రెండూ కాదు. కొనేవాళ్ళకి దగ్గరగా చూపించండి: చేత్తో గీసినదాంట్లో ఒకే రకం పువ్వు రెండుచోట్ల అచ్చం ఒకేలా ఉండదు.