డీటీపీకి ఇచ్చేముందు ఎడిటరుకు ఇవ్వండి

సొంత ఖర్చుతో పుస్తకం వేసుకుంటున్న పాఠకుల నుంచి వచ్చిన ఉత్తరాలు చాలావరకు ఒకే అనుమానం చుట్టూ తిరుగుతున్నాయి: ఎడిటింగ్ మీద డబ్బు పెట్టాలా, అక్కర్లేదా? పెట్టాలన్నదే మా మాట. ఏ దశలో, దేనికి పెట్టాలో కింది జవాబుల్లో చెప్పాం.

ప్రశ్న: నా నవల సుమారు 42 వేల మాటలు. నాలుగుసార్లు చదివి నేనే దిద్దుకున్నాను. అచ్చుతప్పులు తానే చూసుకుంటానని డీటీపీ చేసే అబ్బాయి అంటున్నాడు. ఇంకా ఎడిటర్ అవసరమా?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, కరీంనగర్

జవాబు: అవసరమేనండీ. డీటీపీ అంటే కంప్యూటర్లో పేజీలు కట్టడం. అది చేసేవారి చూపు పేజీ మీద ఉంటుంది. మార్జిన్లు కుదిరాయా, అధ్యాయం కొత్త పేజీలో మొదలైందా అన్నది వారు చూస్తారు. కథ చదవడం వారి పని కాదు. ఇక మీరు ఎన్నిసార్లు చదివినా, రాద్దామనుకున్నదే కనిపిస్తుంది తప్ప రాసింది కనిపించదు. వాక్యంలో ఒక మాట ఎగిరిపోయినా మనసు దాన్ని పూరించుకుని ముందుకు సాగిపోతుంది.

ఎడిటింగ్ అని మనం ఒకే పేరుతో పిలుస్తున్నవి నిజానికి మూడు పనులు. మొదట కథ మొత్తం చదివి, ఎక్కడ సాగింది, ఏ పాత్ర మధ్యలో మాయమైంది, ఏ అధ్యాయం ముందుకు రావాలి అని చెప్పేది. దీని ఫలితం మీకు అందే మూడు నాలుగు పేజీల ఉత్తరం. దాన్ని బట్టి తిరగరాయాల్సింది మీరే. రెండోది వాక్యం వాక్యం దిద్దుతూ వాస్తవాలు సరిచూసేది. మూడోది ప్రూఫులు, అంటే పేజీలు కట్టాక తీసే నమూనా ప్రతులు, దిద్దడం. చాలామంది మూడోదాన్ని మాత్రమే చేయించి, ఎడిటింగ్ అయిపోయిందనుకుంటారు. నవలను దెబ్బతీసే తప్పులు ఎక్కువగా మొదటి రెండింట్లోనే దొరుకుతాయి.

వాస్తవాల సంగతి చూడండి. 1985లో జరిగే కథలో ‘జగిత్యాల జిల్లా’ అని వస్తే తప్పు. ఆ జిల్లా ఏర్పడింది 2016 అక్టోబరులో. 1980లో ఒక పాత్ర జేబులోంచి ఐదువందల నోటు తీస్తే అదీ తప్పే. ఆ నోటు 1987లో వచ్చింది. దీపావళి రాత్రి డాబా మీద వెన్నెల కాయదు, అది అమావాస్య. మూడో అధ్యాయంలో మేనత్త అయినావిడ పదకొండో అధ్యాయంలో పిన్ని అయిపోవడం మరీ తరచుగా కనిపించే పొరపాటు. అందుకే మంచి ఎడిటర్ పక్కన ఒక పట్టిక పెట్టుకుంటారు. పాత్ర పేరు, పుట్టిన సంవత్సరం, వరసలు, ఊరు, ఏ అధ్యాయంలో ఏ నెల నడుస్తోంది అన్నవన్నీ అందులో ఉంటాయి. మీ పట్టిక మీరే తయారుచేసి ఇస్తే పని త్వరగా అవుతుంది.

మొదటి రెండు పనులూ డీటీపీకి ముందే ముగియాలి. నవలలకు ఎక్కువగా వాడే డెమ్మీ సైజులో పేజీకి 210 మాటల చొప్పున వేసుకుంటే మీ నవల 200 పేజీలు. టైటిల్ పేజీ, ముందుమాటలతో కలిపి 208 అనుకుందాం. ఒకే కాగితం మీద కలిపి అచ్చయ్యే పదహారు పేజీలు ఒక ఫారం కాబట్టి సరిగ్గా 13 ఫారాలు. పేజీలు కట్టాక ఒక సన్నివేశం పెంచితే 211 అవుతాయి. ఆ మూడు పేజీల కోసం ఇంకో ఫారం తెరవాలి, లేదా అక్షరం సైజు తగ్గించి చదివేవారి కళ్లను కష్టపెట్టాలి. పేరా తీసేస్తే ఆ అధ్యాయంలో తర్వాతి పేజీలన్నీ జరుగుతాయి, విషయసూచికలో అంకెలు తప్పుతాయి. ఆ తొందరలో దిద్దిన చోటే కొత్త తప్పులు పుడతాయి.

ప్రశ్న: నావి పాలమూరు యాసలో రాసిన కథలు. ఎడిటర్ చేతిలో పెడితే భాషంతా పత్రికల తెలుగులోకి మార్చేస్తారేమోనని భయం.
– ఒక కథా రచయిత్రి, నాగర్‌కర్నూల్

జవాబు: మీ భయం న్యాయమైనదేనమ్మా. యాసను తప్పుగా లెక్కించే ఎడిటరుకు మీ కథలు ఇవ్వకండి. అయితే యాసలో రాసిన కథకు ఎడిటింగ్ మామూలు కథకన్నా ఎక్కువే కావాలి. ఎందుకంటే అక్కడ నిఘంటువు అక్కరకు రాదు, నియమం మీరే పెట్టుకోవాలి. ఒకే మనిషి ఒక పేజీలో ‘ఒచ్చిండు’ అని, తర్వాతి పేజీలో ‘వచ్చిండు’ అని, ఇంకోచోట ‘వచ్చాడు’ అని అంటే చదివేవారికి అది యాసలా అనిపించదు, అజాగ్రత్తలా అనిపిస్తుంది. అదే మనిషి తాసిల్దారు ముందు ‘వచ్చాడండి’ అన్నాడంటే అది మీరు కావాలని చేసింది కావచ్చు. ఎడిటర్ దాన్ని దిద్దకుండా మిమ్మల్ని అడగాలి.

పని మొదలుకాకముందే రెండు పేజీల భాషాపత్రం రాసివ్వండి. కథ చెప్పే గొంతు ఏ భాషలో ఉంటుంది, సంభాషణలు ఏ భాషలో ఉంటాయి, ‘ఎట్ల, గట్ల, గిట్ల’ లాంటివి ఎలా రాస్తారు, ఏ పాత్ర ఎవరి ముందు మాట మారుస్తుంది అన్నవి అందులో ఉండాలి. అర్థం తెలియదేమో అన్న మాటలకు వెనకాల పట్టిక ఇవ్వొచ్చుగానీ, సందర్భాన్ని బట్టి తెలిసిపోయే మాటలను వివరించకండి. కథ నడక ఆగిపోతుంది.

ప్రశ్న: మా నాన్నగారి జ్ఞాపకాలను ఫోన్‌కు చెప్పి యూనికోడ్‌లో టైపు చేయించాను. హైదరాబాద్ ప్రెస్ వాళ్లు అనూ ఫాంట్‌లోకి మార్చాక ఒత్తులు చెదిరిపోయాయి. ఇప్పుడేం చేయాలి?
– ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, డల్లాస్

జవాబు: మార్చిన ఫైలును దిద్దుతూ కూర్చోవద్దు. యూనికోడ్ ఫైలుకే వెనక్కి వెళ్లండి. అనూ లాంటి పాత ఫాంట్లు ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు అక్షరాల ముక్కలను పెట్టుకుని పనిచేస్తాయి. అందువల్ల మార్పిడిలో ‘జ్యోత్స్న’, ‘ఊర్ధ్వ’ లాంటి సంయుక్తాక్షరాలు విరిగిపోవచ్చు. మధ్యలో ఉన్న ఇంగ్లిష్ మాటలు అర్థంలేని తెలుగు అక్షరాలుగా మారొచ్చు. పేజీలు కట్టే ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో నేరుగా యూనికోడ్‌తో పేజీలు కట్టేవారిని అడగండి. అందులో ‘వరల్డ్ రెడీ కంపోజర్’ అనే సెట్టింగ్ ఎంచుకోకపోతే ఒత్తులు విడిపోతాయి. అది మొదటి పేజీలోనే చూసుకోండి. అనూ తప్పదంటే, ఎడిటింగ్ పూర్తయిన ఫైలునే మార్పించి, పుస్తకమంతా మళ్లీ మొదటి నుంచి ప్రూఫు చదివించాలి.

ఫోన్‌కు చెప్పి రాయించిన పాఠంలో చూడాల్సినవి ఇంకా ఉన్నాయి. కామాలు, ఫుల్‌స్టాపులు సరిగా పడవు. శ, ష, స, అలాగే ల, ళ తారుమారవుతాయి. ‘అర్థం’, ‘అర్ధం’ రెండూ ఉన్న మాటలే కాబట్టి స్పెల్‌చెకర్ పట్టుకోదు, మనిషే చదవాలి. చేత్తో టైపు చేసిన చోట్ల అక్షరం పక్కన రావాల్సిన సున్న (ం)కు బదులు తెలుగు అంకె సున్న (౦) పడొచ్చు. చూపుకు తేడా దాదాపు తెలియదుగానీ వెతికితే ఆ మాట దొరకదు. ఫైండ్-రీప్లేస్‌తో ఒక్కసారే మార్చేయొచ్చు, కాకపోతే పుస్తకంలో నిజంగా తెలుగు అంకెలు వాడారేమో ముందు చూసుకోండి.

నాన్నగారు పాడుకున్న సినిమా పాటల చరణాలు పూర్తిగా అచ్చువేయాలనుకుంటే ఆగండి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రచయిత మరణించాక 60 ఏళ్ల వరకు ఆ సాహిత్యంపై హక్కు ఉంటుంది. అనుమతి తీసుకోవాలి, లేదా పాట పేరు చెప్పి వదిలేయాలి.

ప్రశ్న: నా దగ్గర ఉన్న డబ్బు తక్కువ. ఎడిటర్‌ను ఎలా ఎంచుకోవాలి? ఎక్కడ తగ్గించుకోవచ్చు?
– ఒక ప్రైవేటు కాలేజీ లెక్చరర్, విజయవాడ

జవాబు: ముఖచిత్రం మీద, ఆవిష్కరణ సభ మీద, వెయ్యి కాపీల మీద తగ్గించుకోండి. ముందు వంద కాపీలు డిజిటల్ ప్రింట్ చాలు. ఎడిటింగ్‌లో తగ్గించక తప్పదంటే, పైన చెప్పిన మొదటి పనికి, పుస్తకాలు బాగా చదివే ఇద్దరు స్నేహితులను అడగండి. వారికి ‘ఎలా ఉంది’ అన్న ప్రశ్న వేయొద్దు. ఎక్కడ విసుగొచ్చింది, ఎక్కడ అర్థం కాలేదు అని పేజీల వారీగా గుర్తుపెట్టమనండి. వాక్యాలు దిద్దే పనికి మాత్రం అనుభవం ఉన్నవారికే డబ్బిచ్చి అప్పగించండి.

ఎంచుకునేటప్పుడు పుస్తకం మధ్యలోంచి పది పేజీలు ఇచ్చి నమూనాగా దిద్దించండి, దానికీ డబ్బివ్వండి. మొదటి పేజీలు ఎటూ మీరు బాగా చెక్కి ఉంటారు. చేసిన ప్రతి మార్పూ కనిపించేలా వర్డ్‌లో ట్రాక్ చేంజెస్ పెట్టి దిద్దారా? పక్కన ప్రశ్నలు రాశారా? ఒక్క ప్రశ్నా లేకుండా అంతా మార్చేసి ఇస్తే వద్దనుకోండి. తర్వాత ఒప్పందం కాగితం మీద రాసుకోండి: లెక్క పేజీకా మాటకా, ఎన్ని విడతలు, ఏ తేదీకి, ప్రూఫులు ఇందులో భాగమా కాదా. పేజీ లెక్క అయితే పేజీకి ఎన్ని మాటలో కూడా రాయాలి, లేకపోతే చివర్లో తగువే. దిద్దినంత మాత్రాన కాపీరైట్ ఎడిటరుకు పోదు. ఇష్టమైతే ప్రచురణ వివరాలుండే ఇంప్రింట్ పేజీలో వారి పేరు వేయండి.

ప్రశ్న: పుస్తకం అచ్చయ్యాక తప్పులు దొరికాయి. దిద్ది మళ్లీ వేస్తే కొత్త ఐఎస్‌బీఎన్ (పుస్తకాన్ని గుర్తించే నంబరు) కావాలా?
– ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: అచ్చుతప్పులు మాత్రమే దిద్దితే పాత నంబరే సరిపోతుంది. అధ్యాయాలు చేర్చినా, విషయం గణనీయంగా మార్చినా అది కొత్త కూర్పు (ఎడిషన్) కిందికి వస్తుంది, కొత్త నంబరు తీసుకోవాలి. మన దేశంలో రాజా రామమోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ దాన్ని ఉచితంగానే ఇస్తుంది. ఈలోగా మిగిలిన కాపీల్లో అర్థం మారిపోయే తప్పుల వరకు ఒక తప్పొప్పుల పట్టిక ముద్రించి, టైటిల్ పేజీ వెనక అంటించి పంపండి.